తారు షెడ్డులో వంకాయ

నామీద ఆఫీసువాళ్ళు మోపిన నేరం ఏవిటంటే, నేను ప్రతి గురువారం వంకాయలు కాల్చి పచ్చడి చేశానని. చేశానండీ. కాదన్నానా? పద్నాలుగేళ్ళ నుంచి చేస్తున్నాను. ఉప్పు ఎక్కువైందని గానీ, చింతపండు తక్కువైందని గానీ ఇన్నేళ్ళలో ఒక్కడంటే ఒక్కడు నన్ను వేలెత్తి చూపించింది లేదు. అలాంటిదాని చేతిలో ఎలాంటి కాగితం పెట్టారో వినండి.

"క్యాంటీను వంటమనిషి శ్రీమతి కనకరత్నం, సదరు క్యాంటీనునందు దగ్ధ వంకాయ పదార్థమును పదేపదే వడ్డించుట ద్వారా, తారు విభాగమునకు చెందిన పద్దెనిమిది మంది కార్మికుల దేహములందు క్యాన్సరు కారక ద్రవ్యముల సూచికలు ప్రబలుటకు కారకురాలైనట్లు ప్రాథమికముగా నిర్ధారణ అయినందున, ఏడు దినములలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

దగ్ధ వంకాయ పదార్థం! నా పచ్చడికి ఆ పేరు పెట్టినవాడి నోట్లో మన్నుపోయ! పేరు సంగతి అలా ఉంచండి. కింద ఆ పద్దెనిమిది మంది పేర్లూ రాశారు. అందులో మొదటి పేరు సూర్రావు. సూర్రావంటే మా ఆయన. అంటే కట్టుకున్నవాడికి చేజేతులా నేనే విషం పెడుతున్నానని సీలేసి మరీ రాసిచ్చారన్నమాట.

మొదట్నించీ చెప్తాను. మాది ప్రభుత్వం వారి తారు అట్టల కంపెనీ. వానకి కారకుండా ఇంటి కప్పుల మీద నల్లట్టలు పరుస్తారు చూడండి, అవి చేస్తారు. తారు షెడ్డులో మూడు పెద్ద కాగులుంటాయి. పొద్దుట ఏడింటికి తారు ఉడకడం మొదలైతే సాయంత్రం దాకా పచ్చటి పొగ. ఆ పొగని లాగి బయటికి తొయ్యడానికి పైన మనిషెత్తు ఫ్యాను ఒకటుంది. అది తిరిగినన్నాళ్ళూ ఎవరికీ ఏ బాధా లేదు.

నిరుడు దసరాకి ఆయుధపూజ చేశారు. మిషన్లన్నిటికీ పసుపూ కుంకుమా పెట్టారు, గుమ్మడికాయ కొట్టారు. మా ఏవో త్రివిక్రమరావు గారు, అంటే కంపెనీ ఆఫీసంతా నడిపే పెద్దాయన, నిచ్చెనెక్కి స్వహస్తాలతో ఆ ఫ్యానుకి మూరెడు లావు బంతిపూల దండ వేశారు. ఫొటో తీయించుకున్నారు. మర్నాడు దండ తియ్యకుండానే స్విచ్చేశారు. దండ దారం ఇరుసుకి చుట్టుకుంది, మోటారు కాలింది, ఫ్యాను ఆగింది.

బాగుచేయించడానికి ఎంతసేపండీ? ఎలక్ట్రీషియను వచ్చి చూసి పూటలో పనన్నాడు. కానీ మరమ్మతు కాగితంలో 'చెడిపోవుటకు కారణము' అని ఒక గడి ఉంటుంది. అది నింపకపోతే స్టోరు నుంచి మేకు కూడా బయటికి రాదు. ఆ గడిలో ఏం రాయాలి? 'ఏవో గారి దండ' అని రాయాలి. ఎవడు రాస్తాడు? కాగితం పది బల్లలు తిరిగింది. గడి మాత్రం ఖాళీగానే ఉండిపోయింది. తారు షెడ్డువాళ్ళు ఏడుసార్లు అర్జీ పెట్టుకున్నారు. ఏడుసార్లూ ఒకటే జవాబు, "పరిశీలనలో ఉంది" అని.

ఈలోగా మా ఆయనకి దగ్గు పట్టుకుంది. మేముండే క్వార్టరు మూడో అంతస్తు. గ్యాసు సిలిండరు భుజాన వేసుకుని ఒక్క ఊపున మూడంతస్తులూ ఎక్కేసే మనిషి, ఉత్త చేతుల్తో వస్తూ రెండో అంతస్తు మెట్లమీద కూలబడడం మొదలెట్టాడు. ఏవయ్యా అంటే, "చెప్పులో రాయి పడిందే" అంటాడు. రోజూ రాయేనా? నాకు తెలీదా? నాకు గుండెల్లో రాయి పడ్డట్టుండేది.

అప్పుడు పైనుంచి ఒక ఉత్తర్వొచ్చింది. పొగలో పనిచేసేవాళ్ళ ఒంట్లో విషం ఎంత చేరిందో మూత్ర పరీక్ష చేసి తెలుసుకోవాలిట. దానికోసం డాక్టర్ కమలాకరం గారని ఒక నిపుణుణ్ణి పంపించారు. ఆయన వెంట సునీత అని ల్యాబులో పనిచేసే పిల్ల వచ్చింది. ఓ శుక్రవారం పొద్దున్న అందరికీ తలో సీసా ఇచ్చారు. ఆఫీసర్లక్కూడా ఇచ్చారు.

అంకె ఒకటి లోపుంటే మంచిదిట. ఆఫీసువాళ్ళకి పావూ అరా వచ్చింది. తారు షెడ్డువాళ్ళకి ఎనిమిదీ తొమ్మిదీ వచ్చింది. మా ఆయనకి పదకొండు.

సునీత క్యాంటీనుకి టీకి వచ్చినప్పుడు చెయ్యి పట్టుకుని అడిగాను. "నిజం చెప్పమ్మా. ఆ అంకె దేనివల్ల వస్తుంది?"

"తారు పొగ పీలిస్తే పెరుగుద్దాంటీ. మాడిందీ కాల్చిందీ తిన్నా కొంచెం పెరుగుద్ది. కొంచెం అంటే కొంచెమే, ఒకటో రెండో రోజులుండి పోద్ది. ఆ రెండూ రిపోర్టులో రాసే ఇచ్చాను" అంది.

పాపం, ఆ పిల్ల తప్పేం లేదు. రిపోర్టు రెండు పేజీలుంది. తారు పొగ మాట మొదటి పేజీలో ఉంది, కాల్చిన తిండి మాట రెండో పేజీలో ఉంది. మా ఆఫీసులో ఏ కాగితమైనా సంతకం ఉన్న చివరి పేజీయే చదువుతారు. అలా పుట్టిందండీ నా నేరం.

సంజాయిషీ ఇచ్చుకోడానికి ఏవో గారి గదికి వెళ్ళాను. చల్లటి ఏసీ. బల్లకి అటు ఏవో గారు, డాక్టరు గారు. మూలన సునీత, రాసుకోడానికి. బల్లమీద 'ఆహార సంబంధిత సూచికా నియంత్రణ కమిటీ' అని చెక్క మీద చెక్కించిన బోర్డు. ఫ్యాను బాగవడానికి ఏడు నెలలు చాలలేదు గానీ బోర్డు మూడ్రోజుల్లో వచ్చేసింది.

డాక్టరు గారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "చూడమ్మా. దహన క్రియకు లోనైన ఆహారంలో కొన్ని హానికర ద్రవ్యాలు ఉద్భవిస్తాయి. అవి దేహంలో ప్రవేశించి, మూత్రంలో సూచిక రూపేణా వ్యక్తమవుతాయి. తారు విభాగంలో ఆ సూచిక అత్యధికంగా ఉంది. నీ క్యాంటీనులో దహన వంకాయ ఉంది. ఇక సంశయానికి తావెక్కడ?"

"తారు విభాగంలో తారు కూడా ఉంది గదండీ" అన్నాను.

డాక్టరు గారు ఏవో గారి వంక చూశారు. ఏవో గారు బోర్డు వంక చూశారు. "తారు ఆహార పదార్థం కాదు. ఈ కమిటీ పరిధి ఆహారం వరకే. పరిధి దాటి మాట్లాడకు" అన్నారు.

సరేనండీ, పరిధిలోనే మాట్లాడదాం. "ప్యాకింగులో నలభై మంది ఆడవాళ్ళు అదే పచ్చడి అవే గిన్నెల్లోంచి తింటున్నారు. వాళ్ళ అంకె అర దాటలేదుట. అదెలాగండీ?"

"మంచి ప్రశ్న" అన్నారు డాక్టరు గారు, నిజంగానే సంతోషపడి. "ప్యాకింగు వారు ఏ విధంగా భుజిస్తారు?"

"కబుర్లు చెప్పుకుంటూ తాపీగా తింటారండి."

"తారు విభాగం వారు?"

"ఆవురావురుమని తింటారు. పొద్దుట్నించీ కాగులు కలిపినోళ్ళకి ఆకలెయ్యదా?"

డాక్టరు గారు బల్లమీద గట్టిగా కొట్టారు. "ఆత్రం! ఆత్రం వల్ల శోషణ వృద్ధి చెందుతోంది. సునీతా, రాసుకో."

సునీత తలొంచుకుని రాసుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంక దాచేదేవుందని నోరు విప్పేశాను. "డాక్టరు గారూ, ఈ కంపెనీలో నా వంకాయ పచ్చడి అందరికంటే ఎక్కువ తినేదెవరో తెలుసాండీ? మన ఏవో గారే. గురువారం పదకొండున్నరకల్లా, ఇంకెవరికీ వడ్డించకముందే, ఈ గదికి స్టీలు డబ్బా రావాలి. పోపు పైన కనపడాలి, ఉల్లిపాయ ముక్కలు విడిగా ఉండాలి. డబ్బా వెనక్కొచ్చేసరికి తోమక్కర్లేనంత శుభ్రంగా ఉంటుంది. మరి వారి అంకెంతండీ?"

ఏవో గారి మొహం ఉడికించిన బీట్రూటులా అయింది. సునీత కాగితం తిరగేసి, "పావు" అంది, గొంతు పైకి రాకుండా.

ఇప్పుడేవంటారో చూద్దామని చేతులు కట్టుకుని నుంచున్నాను. డాక్టరు గారు మళ్ళీ కళ్ళజోడు తుడుచుకుని, "ఏవో గారూ, తాము ఆ పదార్థాన్ని దేనితో భుజిస్తారు?" అన్నారు.

"చెంచాతో."

"కార్మికులో?"

"చేత్తో."

"అదీ సంగతి!" అన్నారు డాక్టరు గారు. "చేతికీ నోటికీ మధ్య లోహపు ఎడం ఏర్పడిన సందర్భంలో సూచిక నియంత్రణలో ఉంటోంది."

ఆ శనివారం తారు షెడ్డుకి పద్దెనిమిది స్టీలు చెంచాలొచ్చాయి. ఏవో గారు చిన్న సభ పెట్టి, పేరు పేరునా పిలిచి పంచారు. "ఈ చెంచా కేవలం చెంచా కాదు, మీ ఆరోగ్యానికి సంస్థ కట్టిన కోట" అన్నారు. చప్పట్లు కొట్టమన్నారు, కొట్టారు. మా ఆయన ఆ చెంచా ఇంటికి తెచ్చి నాకిచ్చాడు. "ఉప్పు డబ్బాలో వేసుకోవే, పనికొస్తుంది" అన్నాడు. అని నవ్వబోయి దగ్గు తెర వచ్చి గోడ పట్టుకున్నాడు.

నెల తిరిగాక మళ్ళీ సీసాలు. మా ఆయనకి పన్నెండు. చెంచా వాడకంలో కార్మికులకి నిబద్ధత లేదని డాక్టరు గారు రాశారు. మధ్యాహ్నం భోజనాల దగ్గర చెంచా పట్టుకునే తీరు చూడ్డానికి ఒక మనిషిని వేశారు. ఆయనొచ్చి పప్పన్నం కూడా చెంచాతో కలపమనేసరికి, కాగులు కలిపి కలిపి చేతులు బొబ్బలెక్కినవాళ్ళకి చిర్రెత్తుకొచ్చింది. ఒకడు చెంచా ఆయన జేబులో పెట్టి, "ముందు తమరు కలిపి చూపించండి" అన్నాడు. ఆ పథకం అంతటితో ఆగింది.

ఇంక వంకాయనే పీకేద్దామనుకున్నారు గానీ కుదర్లేదు. గురువారం వంకాయ పచ్చడి అని ఎప్పుడో యూనియన్ వాళ్ళతో రాసుకున్న ఒప్పందంలో ఉంది. దాన్ని మార్చాలంటే హెడ్డాఫీసు ఒప్పుకోవాలి, హెడ్డాఫీసు అడిగితే ఇదంతా ఎందుకొచ్చిందో చెప్పాలి, చెప్తే దండ దాకా పోతుంది. అందుకని కమిటీ ఇంకోసారి కూచుంది. ఈసారి ఏవో గారి మాట తలుపు బయటికి వినపడింది. "పొగని పొగ పుట్టిన చోటే అరికట్టాలి! ఫ్యాను తక్షణం బాగుచేయించండి!"

ఆ మాట విని నేను నుంచున్నపళంగా దేవుడికి దణ్ణం పెట్టుకున్నానండీ. పరిగెత్తుకెళ్ళి షెడ్డులో చెప్పాను. పద్దెనిమిది మందీ పండగ చేసుకున్నారు. మర్నాడు పొద్దున్నే ఎలక్ట్రీషియను వచ్చాడు, నిచ్చెన వేశాడు, ఫ్యాను దించాడు, మధ్యాహ్నానికల్లా మోటారు మార్చేశాడు. కాగితంలో కారణం గడిలో ఏం రాశారో తెలుసా? 'వంకాయ' అని రాశారు. ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్న గడి ఒక్క ముక్కతో నిండిపోయింది.

తర్వాత నలుగురు కలిసి ఆ ఫ్యానుని మోసుకొచ్చి క్యాంటీనులో నా పొయ్యి మీద బిగించారు.

నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పైన అంత పెద్ద ఫ్యాను గిర్రున తిరుగుతోంది. కింద నాలుగు వంకాయలు కాలుతున్నాయి. కిటికీలోంచి చూస్తే అవతల తారు షెడ్డు పొగలో సగం కనపడకుండా ఉంది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. మా ఆయన భోజనానికొచ్చి పైకి చూశాడు, నన్ను చూశాడు. "పోన్లేవే. ఇన్నాళ్ళూ పొయ్యి దగ్గర నువ్వూ పొగ మింగావుగా. నువ్వన్నా కాస్త గాలి పీల్చు" అన్నాడు. ఆ మాటకి నాకు అన్నం సయించలేదు.

ఫ్యానుతో పాటు ఉత్తర్వొకటి గోడకి అంటించి వెళ్ళారు. నేను తొమ్మిదో తరగతి దాకా చదువుకున్నానండీ. అంట్లు కడిగాక ఎదురుగా కుర్చీ వేసుకుని మూడుసార్లు చదివాను.

"సంస్థ ఆవరణలో ఎచ్చట వంకాయ దహనము జరుగునో అచ్చట పొగ తీయు ఫ్యాను విధిగా అమర్చబడి, దహన సమయమంతయు నడుపబడవలెను. దహనము లేని సమయమున ఎట్టి పరిస్థితులలోను నడుపరాదు."

ఎచ్చట వంకాయో అచ్చట ఫ్యాను. మూడోసారి చదివేసరికి నాకు దారి దొరికింది. లేచి చీర కొంగు దోపుకున్నాను.

ఇంకో సంగతి చెప్పాలి. నా పొయ్యి మీది ఫ్యాను లాగిన పొగంతా గొట్టంలోంచి వెళ్ళి ఎక్కడ పడుతోందంటే, సూటిగా ఏవో గారి కిటికీలో. నేనన్న మాటల తర్వాత ఆయన డబ్బా తెప్పించుకోవడం మానేశారు. ఆదర్శంగా ఉండాలి గదా. కానీ గురువారం పదకొండు కొట్టేసరికి నూనె రాసిన వంకాయ తోలు చిటపటలాడే వాసన ఏసీ సందుల్లోంచి గదినిండా పరుచుకునేది. పాపం, మూడు గురువారాలు ఓర్చుకున్నారు. మూడో గురువారం బిళ్ళబంట్రోతు చూస్తే ఏవో గారు కళ్ళు మూసుకుని ఉత్త చెంచా నోట్లో పెట్టుకుని కూచున్నారుట.

అదే అదను. అర్జీ నేనే రాశాను. ఇన్ని కాగితాలు చదివాక వాళ్ళ భాష నాకూ పట్టుబడింది.

"సదరు వంకాయ దహనమును సదరు క్యాంటీనునందు గాక, సదరు తారు విభాగమునందే కార్మికుల సమక్షమున జరిపించినచో, వంకాయను నిత్యము కనులార చూచుచుండుట వలన సదరు కార్మికుల ఆత్రము క్రమేణా తగ్గుననియు, అధికారుల గదులకు పొగ చేరుట కూడ నివారింపబడుననియు సవినయముగా మనవి."

ఏవో గారు చదివి కళ్ళజోడు తీశారు. "కనకరత్నం, నువ్వింత విషయమున్నదానివని నాకు తెలియదు సుమా" అన్నారు. డాక్టరు గారైతే కుర్చీలోంచి లేచి నుంచున్నారు. "అద్భుతం! దర్శన మాత్ర ఉపశమనం! ఆహారాన్ని భుజించకుండా వీక్షించడం ద్వారా సూచికను నియంత్రించడం! ఇలాంటి పరిశీలన ఇంతవరకు ఎవరూ చేయలేదు. గురువారాలు చాలవు. ప్రతి దినం, ప్రతి పూట దహనం జరగాలి. పూటకు రెండు వంకాయలు, పరిశోధన నిమిత్తం!"

"అంతేగదండీ మరి" అన్నాను, మొహం ఎక్కడా కదలనివ్వకుండా. మూలన సునీత కొంగు నోట్లో కుక్కుకుని దగ్గొచ్చినట్టు నటించింది.

సోమవారం నాడు తారు షెడ్డులో, కాగుల మధ్య, ఒక బొగ్గుల కుంపటి పెట్టారు. గోడమీద 'వంకాయ దహన కేంద్రం' అని ఎర్ర రంగుతో రాయించారు. దాని నెత్తిన, పాత చోటులోనే, పాత మేకులకే, ఆ ఫ్యాను తిరిగొచ్చింది. స్విచ్చుకి మాత్రం ఇనప పెట్టె, పెట్టెకి తాళం. తాళంచెవి స్టోర్ కీపరు అబ్బులు దగ్గర. ఆయన రూలుకి నిలబడే మనిషి. కుంపటి మీద వంకాయ కనపడితే తాళం తీసి స్విచ్చేస్తాడు. వంకాయ కాలిపోతే స్విచ్చు కట్టేసి తాళం వేస్తాడు.

స్విచ్చు పడింది. ఫ్యాను తిరిగింది. తొమ్మిది నెలల పొగ ఒక్కసారి కదిలి పైకి లేచింది. అవతలి గోడ కనపడేసరికి షెడ్డులో మనుషులు ఒకరి మొహాలొకరు కొత్తగా చూసుకున్నారు.

ఆ కుంపటి మీది వంకాయ మాత్రం ఎవ్వరూ నోట పెట్టకూడదని నేను పద్దెనిమిది మంది చేతా ఒట్టు వేయించుకున్నాను. తారు పొగలో కాలింది తింటారా ఎవరైనా? అది ఉత్తర్వు కోసం కాలే వంకాయ. ఒకే చిక్కుండేది. వంకాయ కాలడానికి పావుగంట చాలు. పొద్దుట్నించి మధ్యాహ్నం దాకా రెండు వంకాయల్ని లాగాలి. మా ఆయన దానికి ఉపాయం కనిపెట్టాడు. కుంపటి అంచున, బూడిద మీద, వంకాయని పడుకోబెడతారు. అది వెచ్చబడుతూనే ఉంటుంది గానీ కాలదు. గంటకోసారి అబ్బులు వచ్చి అడుగుతాడు.

"ఏం, కాలిందా?"

"తోలు మెత్తబడింది సార్. లోపల ఇంకా పచ్చిగానే ఉంది" అంటాడు మా ఆయన, పుల్లతో గుచ్చి చూపిస్తూ.

అబ్బులు వంగి చూసి, "అవును, పచ్చిగానే ఉంది" అని రిజిస్టర్లో రాసుకుని వెళ్ళిపోతాడు. అన్నీ తెలిసే చేస్తున్నాడో, నిజంగానే నమ్ముతున్నాడో ఈరోజుకీ నాకు తెలీదు. ఏదైనా ఆయన చల్లగా ఉండాలి.

రెండు నెలలకి మా ఆయన అంకె మూడుకి దిగింది. ఇంకా దిగాలి. కానీ పన్నెండు నుంచి మూడండీ! అప్పుడు డాక్టరు గారు ఏం రాశారంటే, కాలుతున్న వంకాయని రోజూ చూడడం వల్ల ఒంట్లో విషం తగ్గుతుందని రాశారు. ఆ రిపోర్టు ఎక్కడెక్కడికో వెళ్ళింది. ఎక్కడెక్కడి కంపెనీలనుంచో సూట్లు వేసుకున్న పెద్దమనుషులు బస్సులో వచ్చారు. కుంపటి చుట్టూ నిలబడి, ఒక వంకాయ మీద పన్నెండు తలలు వంచి చూశారు. పైన తిరుగుతున్న ఫ్యాను వంక ఒక్కడూ తలెత్తలేదు. ఒకాయన మాత్రం, "ఇక్కడ గాలి బాగుందే" అన్నాడు. "వంకాయ మహిమండి" అన్నారు ఏవో గారు. ఆయనకి శాలువా కప్పారు. నాకిచ్చిన నేరం కాగితం సంగతి ఏవైందని ఆ పూటే అడిగాను. పరిశీలనలో ఉందిట.

ఇంతటితో ఆగితే బాగుండేది. మొన్న కార్తీకంలో స్టోరులో వంకాయలు అయిపోయాయి. కొత్తగా తెప్పించాలంటే కాగితం పెట్టాలి. కాగితంలో 'వినియోగము' అనే గడి ఉంది. తినడానికని రాస్తే క్యాంటీనుకి ఇవ్వాలి, చూడ్డానికని రాస్తే కూరగాయల కింద రాదు. ఆ గడి ఖాళీగా ఉండిపోయింది. సోమవారం పొద్దున అబ్బులు వచ్చి, ఉత్త కుంపటి చూసి, చాలా బాధపడుతూ ఫ్యాను కట్టేసి తాళం వేశాడు. "నేనేం చెయ్యను సూర్రావ్, దహనం లేని సమయమున ఎట్టి పరిస్థితుల్లోనూ నడపరాదని ఉంది గదా" అన్నాడుట.

ఆ సాయంత్రం మెట్ల మీద చెప్పుల చప్పుడు విన్నాను. మొదటి అంతస్తు అయింది. రెండో అంతస్తు దగ్గర ఆగిపోయింది. తలుపు తీసి కిందికి చూశాను. గోడకి తల ఆనించి కూచుని ఉన్నాడు. నేను చూశానని తెలిసి చెప్పు విప్పి దులిపాడు, రాయి పడిందన్నట్టు.

లోపలికొచ్చి కూరల బుట్ట బోర్లించాను. మర్నాటి కూరకని తెచ్చిన వంకాయలు నాలుగున్నాయి. నల్లగా నిగనిగలాడుతున్నాయి.

పొద్దున్నే క్యారేజీ కట్టాను. కింద గిన్నెలో అన్నం, దాని మీద పప్పు, దాని మీద మజ్జిగ. అన్నిటికంటే పై గిన్నెలో ఒక పచ్చి వంకాయ. ఆయన మూత తీసి చూశాడు. ఏవిటే ఇది అన్నాడు. "అబ్బులు గారికి చూపించు" అన్నాను. వంకాయ ఎవరిదై ఉండాలో ఉత్తర్వులో ఎక్కడా లేదు. ఏడూ పదికి ఫ్యాను తిరగడం మొదలైందని సునీత వచ్చి చెప్పింది.

ఇప్పుడు క్వార్టర్లలో పద్దెనిమిది ఇళ్ళల్లోనూ అదే పని. ఒకరికి మర్చిపోతే ఇంకొకరిది ఉంటుందని అందరం పెడతాం. పొద్దున్నే తారు షెడ్డు గేటు దగ్గర ఒక్కొక్కడూ క్యారేజీ మూత తీసి వంకాయ చూపిస్తాడు, అబ్బులు తల ఊపుతాడు. సంతలో కూరలమ్మే ఆవిడకి అంతుపట్టక నిన్న నన్నడిగింది, "రోజూ వంకాయేనా అమ్మా, మీ ఆయనకి మొహం మొత్తదా?" అని.

"ఆయన తినడమ్మా, పీలుస్తాడు" అన్నాను.

ఆవిడ నన్ను పైనుంచి కింద దాకా చూసి, గింజ ముదరని లేత వంకాయలు ఏరి సంచీలో వేసింది. నేను మాత్రం ముదురువే ఇమ్మన్నాను. అవైతే లోపల ఎక్కువసేపు పచ్చిగా ఉంటాయి.